పర్లాకిమిడి, బరంపురం వైపు కొత్త ఇల్లు: ప్లాను ఖాయం చేసే ముందు జాగ్రత్తలు

పట్టాలో భూమి రకం ‘ఘరబారి’ (ఇంటి స్థలం) అని ఉందా? సాగుభూమైతే తహసీల్దారు ఆఫీసులో మార్పించాకే మిగతా పని.

గది కొలత గోడ మధ్య నుంచా, లోపలి ఖాళీయా? మేస్త్రీని అడిగి రాయించుకోండి. తొమ్మిదంగుళాల గోడల మధ్య నుంచి మధ్యకు 10 అడుగులంటే లోపల 9 అడుగుల 3 అంగుళాలే. ప్లాస్టరుకు ఇంకో అంగుళం పోతుంది. మంచం, బీరువా, తలుపు తిరిగే చోటు నేల మీద సున్నంతో గీసి చూడండి.

ఎక్కువ ప్లాన్లు చెడేది మెట్ల దగ్గరే. 10 అడుగుల 6 అంగుళాల ఎత్తుకు ఏడేసి అంగుళాల మెట్లు 18. మధ్యలో మలుపు పెట్టినా పొడవు 10 అడుగులు, వెడల్పు ఆరున్నర కావాలి. చోటు తగ్గిస్తే మెట్టు ఎత్తు తొమ్మిదంగుళాలవుతుంది, పెద్దవాళ్లు ఎక్కలేరు.

వాస్తు సిద్ధాంతిని పిలిచేదుంటే ఇప్పుడే పిలవండి. పునాది లేచాక వచ్చే సలహా ఖరీదెక్కువ.

మరుగుదొడ్డి నీరు ఇంకే గుంతకూ బావికీ మధ్య కనీసం 50 అడుగులు ఉండాలి. పక్కింటి బావీ లెక్కలోకి వస్తుంది.

2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాన్లు తాకిన నేల ఇది. వరండా రేకులు ఇంటి కప్పుతో కలపొద్దు. విడి స్తంభాల మీద ఉంటే, గాలికి లేచినా ఇంటి కప్పును లాగవు.