ఆస్ట్రేలియాలో మెడికేర్ సాయంతో కైరోప్రాక్టర్ చికిత్స: దరఖాస్తు విధానం

దీర్ఘకాలిక జబ్బుకు కైరోప్రాక్టర్ (చేతులతో వెన్నెముక, కీళ్లకు చికిత్స చేసేవారు) దగ్గర చికిత్స చేయించుకుంటే మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) కొంత డబ్బు తిరిగి ఇస్తుంది. దీనికి విడిగా దరఖాస్తు ఫారం ఏమీ లేదు. అంతా మీ జీపీ (ఫ్యామిలీ డాక్టరు) దగ్గరే మొదలవుతుంది.

మెడికేర్ కార్డు తప్పనిసరి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవారికి, ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఇది వర్తించదు. పేరెంట్ వీసాకు అప్లై చేసి ఎదురుచూస్తున్నంత మాత్రాన కూడా కార్డు రాదు. ఇక జబ్బు ఆరు నెలలుగా ఉన్నదో, అంతకాలం ఉండేదో అయి ఉండాలి. నిన్న పట్టేసిన నడుముకు కుదరదు.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ‘క్రానిక్ కండిషన్ మేనేజ్‌మెంట్ ప్లాన్’ (దీర్ఘకాలిక జబ్బుకు డాక్టరు రాసే చికిత్స ప్రణాళిక) కోసమని రిసెప్షన్‌లో చెప్పండి. దీనికి ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి, జ్వరానికి వెళ్లినప్పుడు పనిలో పనిగా అడిగితే చాలాసార్లు మరో రోజు రమ్మంటారు. మైమెడికేర్ అనే పథకం కింద ఏదైనా క్లినిక్‌లో నమోదై ఉంటే ఆ క్లినిక్‌లోనే ప్లాన్ రాయించుకోవాలి. పాత స్కాన్ రిపోర్టులు, మందుల జాబితా వెంట తీసుకెళ్లండి. ఎముకలు గుల్లబారినా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా డాక్టరుకు, కైరోప్రాక్టరుకు ఇద్దరికీ తప్పక చెప్పాలి. ప్లాన్ అవసరమా కాదా అన్నది డాక్టరు నిర్ణయమే.

2025 జూలై 1 నుంచి పద్ధతి తేలికైంది. మునుపటిలా రెండు వేర్వేరు ప్లాన్లు అక్కర్లేదు, ఒక్కటి చాలు. ప్రత్యేక ఫారం బదులు మామూలు రిఫరల్ లెటర్ (కైరోప్రాక్టర్ దగ్గరికి పంపుతూ డాక్టరు రాసే ఉత్తరం) సరిపోతుంది. వేరే గడువు రాయకపోతే అది 18 నెలలు చెల్లుతుంది. ప్లాన్ కూడా గత 18 నెలల్లో రాసిందో, రివ్యూ చేసిందో అయి ఉండాలి.

అందరూ తడబడేది విజిట్ల లెక్క దగ్గర. జనవరి నుంచి డిసెంబరు దాకా మొత్తం ఐదు విజిట్లకే సాయం అందుతుంది (అబొరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్ ప్రజలకు పది). ఆ ఐదూ కైరోప్రాక్టర్ ఒక్కరికే కాదు. ఫిజియో, పోడియాట్రిస్ట్ (పాదాల నిపుణులు), డైటీషియన్ అందరికీ కలిపి. షుగరు ఉండి పాదాల పరీక్షకు పోడియాట్రిస్ట్ అవసరమైతే, ఐదూ నడుముకే ఖర్చు పెట్టడం మంచిది కాదు. ఎన్ని ఎవరికో డాక్టరుతో ముందే మాట్లాడుకోండి. మిగిలినవి వచ్చే ఏడాదికి జమకావు. ఇప్పటికే ఎన్ని వాడారో తెలియకపోతే 132 011కు ఫోన్ చేసి మెడికేర్‌ను అడగండి.

ఒక్కో విజిట్‌కు 60 డాలర్ల పైచిలుకు తిరిగి వస్తుంది. క్లినిక్ ఫీజు 90 అయితే మిగతా దాదాపు 30 మీదే. బల్క్ బిల్లింగ్ (మీరేమీ కట్టకుండా క్లినిక్ మెడికేర్ నుంచే ఫీజు తీసుకోవడం) ఉందా, లేకపోతే గ్యాప్ (మీరు కట్టాల్సిన మిగతా సొమ్ము) ఎంత అన్నది బుక్ చేసేముందే అడగాలి. విజిట్ కనీసం 20 నిమిషాలు ఉండాలి, కైరోప్రాక్టర్‌కు మెడికేర్ ప్రొవైడర్ నంబరు ఉండాలి. క్లెయిమ్‌ను చాలా క్లినిక్‌లు అక్కడికక్కడే పంపేస్తాయి. లేదంటే రసీదుతో మైగవ్ (ప్రభుత్వ ఆన్‌లైన్ ఖాతా) ద్వారా మీరే పెట్టుకోవచ్చు. బ్యాంకు వివరాలు అక్కడ నమోదై లేకపోతే డబ్బు ఆగిపోతుంది.

క్లెయిమ్ తిరస్కరణకు గురయ్యేది ఎక్కువగా రిఫరల్ రాకముందే చికిత్స మొదలుపెట్టినప్పుడు, లేదా ఐదు విజిట్లూ అప్పటికే అయిపోయినప్పుడు. పాత తేదీ వేసి రిఫరల్ ఇమ్మని డాక్టరును అడగకండి, అది చెల్లదు. ఒకే విజిట్‌కు మెడికేర్, ప్రైవేటు ఇన్సూరెన్స్ ఎక్స్‌ట్రాస్ (ఆసుపత్రి బయటి చికిత్సలకు ఉండే కవర్) రెండూ వాడుకోవడం కూడా కుదరదు. ఐదూ అయిపోయాక మాత్రం ఆరో విజిట్ నుంచి ఎక్స్‌ట్రాస్ వాడుకోవచ్చు.