మత్తు దిగినా మనసు ఇంకా దూరంగానే ఉంటే: ఈ కొన్ని వారాలు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

గంజాయి లాంటివి తీసుకున్న మత్తు దిగిపోయి రెండు మూడు రోజులైంది, అయినా ఏదో సరిగ్గా లేదు. అద్దంలో మీ ముఖమే ఎవరిదోలా కనిపిస్తోంది, మాట్లాడుతుంటే మీ గొంతే ఎక్కడి నుంచో వినిపిస్తున్నట్టుంది, అయినవాళ్లు పక్కనే కూర్చున్నా మధ్యలో గాజు పలక అడ్డం పెట్టినట్టుంది. ఇది చదువుతున్న మీరు ఇప్పుడు అలాగే ఉంటే ముందు ఒక మాట: ఈ అనుభవం ఉన్నంత మాత్రాన పిచ్చి పట్టినట్టు కాదు. తన నుంచి తాను వేరైపోయినట్టు అనిపించడాన్ని డీపర్సనలైజేషన్ అంటారు, చుట్టూ ఉన్న లోకం కలలాగా, సినిమా సెట్టింగ్‌లాగా అనిపించడాన్ని డీరియలైజేషన్ అంటారు. లుడోవిక్ దుగా అనే ఫ్రెంచ్ పండితుడు 1898లోనే ఈ మొదటి పేరుతో ఒక కేసు గురించి రాశాడు. అంటే లోకంలో మీ ఒక్కరికే వచ్చిన వింత కాదిది.

కాలు తిమ్మిరెక్కినప్పుడు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. కాలు మీదే, అక్కడే ఉంది, కానీ ముట్టుకుంటే ఇంకెవరిదో కాలులా ఉంటుంది. ఇదీ దాదాపు అంతే, మనసుకు పట్టిన తిమ్మిరి. భయం మరీ ఎక్కువైనప్పుడు మెదడు తట్టుకోవడానికి భావాలను తగ్గించేస్తుందని, అందుకే ఇలా మొద్దుబారినట్టు ఉంటుందని వైద్యులు వివరిస్తారు. గంజాయి, ఎల్‌ఎస్‌డీ, కెటమిన్, ఎమ్‌డీఎమ్‌ఏ లాంటి మత్తు పదార్థాలు తీసుకున్నాక ఇది రావడం చాలామందిలో చూస్తూనే ఉంటారు, ముఖ్యంగా ఆ మత్తులోనే పానిక్ ఎటాక్ వచ్చి ‘ఇక చచ్చిపోతున్నాను’ అనిపించినవాళ్లలో. గంజాయిని తినే పదార్థాల్లో కలిపి తీసుకుంటే ప్రభావం మొదలవడానికి అరగంట నుంచి రెండు గంటలు పట్టొచ్చు, ఈలోగా ఏమీ కాలేదనుకుని ఇంకొంచెం తినేసి ఆ పరిస్థితిలో పడినవాళ్లూ ఉన్నారు. చాలామందికి గంటల్లోనో రోజుల్లోనో తగ్గిపోతుంది. కొందరికి వారాలు పడుతుంది, కొద్దిమందికి నెలలు కూడా.

ముందు ప్రమాద సూచనల సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే అవి ఉంటే మిగతాది చదువుతూ కూర్చోకూడదు. ఈ స్థితిలో ఉన్నవాళ్లు ‘లోకం నిజం కానట్టు అనిపిస్తోంది’ అంటారు, అది అనిపించడమేనని వాళ్లకు తెలుసు. అలా కాకుండా లోకం నిజంగానే నకిలీదని నమ్మేయడం, ఎవరూ లేకుండా గొంతులు వినిపించడం, అందరూ కలిసి తన మీద కుట్ర చేస్తున్నారనుకోవడం, చనిపోవాలన్న ఆలోచనలు రావడం, ఫిట్స్, తీవ్రమైన జ్వరం, ఛాతీలో నొప్పి, తేదీ, చోటు కూడా తెలియని అయోమయం, వీటిలో ఏది ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఎమర్జెన్సీకే వెళ్లాలి. ఒంటరిగా ఉండకండి, ఎవరినైనా వెంట తీసుకెళ్లండి.

అవేవీ లేకపోతే మొదటి జాగ్రత్త, మళ్లీ తీసుకోకపోవడం. ‘తగ్గిందో లేదో ఒక్కసారి చిన్న డోసుతో చూద్దాం’ అన్న ఆలోచన చాలామందికి వస్తుంది, దయచేసి వద్దు, మానుతున్న పుండును మళ్లీ గీరుకున్నట్టే అది. భయం తగ్గుతుందని మద్యం తాగడం, ఎవరి దగ్గరో ఉన్న నిద్ర మాత్ర వేసుకోవడం కూడా వద్దు. ఇక్కడ ఒక మెలిక ఉంది. రోజూ బాగా మద్యం తాగే అలవాటున్నవాళ్లు, ఆందోళన తగ్గడానికి ఇచ్చే అల్ప్రజోలం లాంటి మాత్రలు రోజూ వేసుకునేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. వాళ్లు డాక్టర్ పర్యవేక్షణలోనే తగ్గించుకుంటూ రావాలి.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: పదేపదే పరీక్షించుకోవడం ఆపండి. నాకు ఇలా అయినప్పుడు మూడు వారాల పాటు గంటకోసారి అద్దం ముందు నిలబడి ‘ఇది నేనేనా’ అని చూసుకునేదాన్ని, చేతులు ముఖానికి దగ్గరగా పెట్టుకుని ఇవి నావేనా అని చూసుకునేదాన్ని, రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో జీవితాంతం తగ్గలేదన్నవాళ్ల కథలే చదివేదాన్ని. చూసుకున్న ప్రతిసారీ ‘ఇంకా ఉంది’ అనే జవాబే వచ్చేది, ఆ జవాబుతో గుండె దడ, దడతో ఆ దూరం ఇంకాస్త పెరిగేది. ఎవరి ముఖాన్నైనా పది నిమిషాలు తదేకంగా చూస్తే కొత్తగానే కనిపిస్తుంది, మామూలు మనిషికి కూడా. భయమే దీనికి మేత. కాబట్టి ‘ఉందా, పోయిందా’ అన్న ప్రశ్న వచ్చినప్పుడు వాదించకండి, ‘ఉంది, ఉండనీ’ అనుకుని చేతిలో ఉన్న పనికి తిరిగి వెళ్లండి. బట్టలు మడతపెట్టడమో, అంట్లు తోమడమో, నడకో, చేతులు కాళ్లు ఆడే పని ఏదైనా సరే. పని చేస్తున్నా ఆ అనుభూతి పక్కనే ఉంటుంది, ఉన్నా ఫర్వాలేదు.

భయం ఒక్కసారిగా ఎగదన్నితే ఊపిరి చూసుకోండి. వేగంగా ఊపిరి తీసుకుంటూ ఉంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి తల తిరుగుతుంది, వేళ్లు జివ్వుమంటాయి, లోకం ఇంకా దూరం జరిగినట్టు ఉంటుంది. నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, అలా కొన్ని నిమిషాలు చేయండి. చల్లటి నీళ్లతో ముఖం కడుక్కోండి, పాదాలను నేలకు గట్టిగా ఆనించండి, కనిపిస్తున్న ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి.

నిద్ర లేకపోతే ఆరోగ్యవంతులకే లోకం పలచబడినట్టు ఉంటుంది, కాబట్టి రోజూ ఒకే వేళకు పడుకోవడం, ఒకే వేళకు లేవడం చిన్న విషయం అనుకోవద్దు. కాఫీ, టీల్లో ఉండే కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, కాబట్టి అది ఉండే ఎనర్జీ డ్రింకులు పూర్తిగా మానేయడం మంచిది. పరధ్యానం బాగా ఎక్కువగా ఉన్నంతకాలం బండి నడపకండి.

ఎవరో ఒక్కరికైనా చెప్పండి. వివరంగా చెప్పలేకపోతే ‘నేను ఇక్కడే ఉన్నా, ఇక్కడ లేనట్టు ఉంది, భయంగా ఉంది’ అన్నా చాలు. ఈ మాట విన్నవాళ్లకు నా మనవి ఏమిటంటే, ఆ క్షణంలో తిట్టకండి, పక్కన కూర్చోండి. ఇంకొకటి, అయినవాళ్ల మీద ప్రేమే పోయిందని బెంగపడకండి. మొద్దుబారింది భావం, బంధం కాదు.

రెండు మూడు వారాలైనా తగ్గకపోతే, లేదా చదువు, ఉద్యోగం సాగకపోతే సైకియాట్రిస్ట్‌ను కలవండి. ఏం తీసుకున్నారో, ఎంతో, చివరిసారి ఎప్పుడో దాచకుండా చెప్పాలి. మైగ్రేన్, కొన్ని రకాల మూర్ఛ కూడా ఇలాంటి అనుభూతులే ఇస్తాయి, ఏది ఏమిటో ఆయన తేల్చాలంటే నిజం తెలియాలి. ఎల్‌ఎస్‌డీ లాంటివాటి తర్వాత వస్తువుల వెనక చారలు, కళ్ల ముందు చుక్కలు కనిపిస్తుంటే అదీ చెప్పండి. ప్రత్యేకంగా దీన్ని మాత్రమే తగ్గించే మందు అంటూ లేదు, కానీ వెంట ఉన్న ఆందోళనకు, డిప్రెషన్‌కు చికిత్స ఉంది, ఆలోచనల తీరును, అలవాట్లను మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతి చాలామందికి ఉపయోగపడుతుంది.

తగ్గడం కూడా ఒక్కసారిగా జరగదు. ఎవరితోనో మాటల్లో పడి అరగంట దీని ఊసే గుర్తు రాదు, గుర్తు రాగానే మళ్లీ వచ్చేస్తుంది. తర్వాత అరగంట పూట అవుతుంది, పూట రోజవుతుంది. నాలుగు రోజులు బాగుండి ఐదో రోజు మళ్లీ గాజు పలక అడ్డం వచ్చిందంటే మొదటికొచ్చిందని కంగారు పడకండి, ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో ఒకసారి లెక్క చూసుకోండి.