చిన్న వ్యాపారానికి ఆన్‌లైన్ ప్రచారం – 4వ పాఠం: ఈ ఆర్డరు ఎక్కణ్ణుంచి వచ్చింది?

పోయిన పాఠంలో ఒక డబ్బా పూతరేకుల మీద ఎంత మిగులుతుందో చూశాం. నెయ్యి, బెల్లం, కూలి, డబ్బా, కొరియర్ అన్నీ పోను 110 రూపాయలు తేలింది. ఇవాళ ఆ 110తోనే పని.

ముందు నా సంగతి. మొదట్లో బోర్లించిన కుండ మీద రేకు తీసే రీల్ ఒకటి పెట్టాను. 40 వేల మంది చూశారు. వచ్చిన ఆర్డర్లు రెండు. అందులో ఒకటి మా పిన్నిది. వ్యూస్ చూసి మురిసిపోవడం ఆ రోజుతో మానేశాను.

ఇన్‌స్టాగ్రామ్ యాడ్‌కి 3,000, గూగుల్ సెర్చ్ యాడ్‌కి 3,000 పెట్టారనుకుందాం. యాడ్ ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, జీఎస్టీ నంబరు లేనివాళ్లకి అది తిరిగి రాదు. కాబట్టి కలిపే రాయండి; పై 3,000 అలా జీఎస్టీతో కలిపినదే అనుకోండి. ఇన్‌స్టా నుంచి 24 ఆర్డర్లొస్తే ఒక్కోదానికి 125 ఖర్చు, అంటే డబ్బాకి 15 నష్టం. గూగుల్ నుంచి 30 వస్తే ఖర్చు 100, పది రూపాయలు మిగులు. ఇక్కడే చాలామంది ఇన్‌స్టా ఆపేస్తారు.

మూడు నెలలాగండి. గూగుల్లో వెతికి కొన్నవాళ్లు ఏ ఫంక్షన్ కోసమో కొని మర్చిపోయారు, ఐదుగురే మళ్లీ తీసుకున్నారు. ఇన్‌స్టా వాళ్లకి మీ పేజీ కనబడుతూనే ఉంటుంది కదా, 16 మంది మళ్లీ అడిగారు. ఇప్పుడు ఇన్‌స్టాలో 40 ఆర్డర్లు, ఒక్కోటి 75. గూగుల్లో 35, ఒక్కోటి 86కి దగ్గర. లెక్క తిరగబడింది. మీ సరుకుకి ఇలాగే వస్తుందని కాదు, మూడు నెలలు రాయకుండా తెలియదని.

అసలు ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారో ఎలా తెలుస్తుంది? అడిగితే "ఏమోనండీ, ఫోన్లో చూశాను" అంటారు. దీనికో చిట్కా ఉంది. వాట్సాప్ చాట్ లింకులో మొదటి మెసేజ్ మనమే రాసిపెట్టుకోవచ్చు. ఇన్‌స్టా లింకులో "పూతరేకులు కావాలండీ" అని, గూగుల్ లింకులో "పూతరేకుల ధర ఎంతండీ" అని పెట్టండి. కస్టమర్ సెండ్ నొక్కగానే మెసేజే చెప్పేస్తుంది. వెంటనే వాట్సాప్ బిజినెస్‌లో లేబుల్ వేసేయండి, సాయంత్రం వేద్దామంటే మర్చిపోతారు.

గూగుల్లో డబ్బు కారిపోయే చోటు ఇంకొకటి: "పూతరేకులు ఎలా చేయాలి" అని వెతికేవాళ్లు. వాళ్లు కొనరు, యాడ్ నొక్కి పోతారు, ఆ నొక్కుడుకి మన డబ్బు పోతుంది. తయారీ, రెసిపీ, ఎలా చేయాలి అనే మాటల్ని నెగటివ్ కీవర్డ్స్‌లో (ఈ మాటలతో వెతికితే మన యాడ్ చూపించొద్దు అని గూగుల్‌కి చెప్పే జాబితాలో) వేయండి. అలాగే ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకుకే ఆ పేరు అనే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. వేరే ఊళ్లో చేసినవాళ్లు ఆత్రేయపురం పేరు యాడ్‌లో పెట్టొద్దు.

మళ్లీ కొనేవాళ్లకి వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ ఉంది, అంటే ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా ఒకేసారి పంపడం. ఒక్కో లిస్టులో 256 మంది దాకా పెట్టుకోవచ్చు. కానీ మీ నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. డబ్బాలో "ఈ నంబరు సేవ్ చేసుకోండి" అని ఒక చీటీ వేయండి.

వచ్చే పాఠానికి ఒక నోటుబుక్కులో నాలుగు గడులు గీసి తెచ్చుకోండి: తేదీ, వచ్చిన దారి, డబ్బాలు, మళ్లీ కొన్న తేదీ. నాలుగో గడి ఇప్పుడు ఖాళీగా ఉన్నా పర్లేదు.