అగ్నివీర్ ఎంపికకు గోదావరి డెల్టా యువకులు సిద్ధపడే విధానం

మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి సైనికులను పంపుతున్న మిలిటరీ మాధవరం తాడేపల్లిగూడెం దగ్గరే ఉన్నా, మన పిల్లలు చాలామంది సైన్యంలో నాలుగేళ్ల కొలువైన అగ్నివీర్ నోటిఫికేషన్ వచ్చాకే పరుగు మొదలుపెట్టి పిక్కలు పట్టేసుకుని కూర్చోవడం చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. కనీసం ఆరు నెలల ముందే సాధన మొదలుపెట్టండి.

సైన్యంలో 2023 నుంచి ఆన్‌లైన్ రాతపరీక్ష ముందు, ర్యాలీ, అంటే మైదానంలో పెట్టే శరీర దారుఢ్య పరీక్షలు, తరువాత జరుగుతున్నాయి కనుక లెక్కలు, జనరల్ నాలెడ్జి, సైన్సులను పరుగుతో పాటే చదవాలి. ర్యాలీలో 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తిచేస్తే 60 మార్కులు, 10 పుల్‌అప్స్ తీస్తే 40 మార్కులు లభిస్తాయి. తెల్లవారుజామున కాలువ గట్టు పరుగుకు అనువైనదే గానీ, వాన పడితే ఆ జిగట మట్టి చెప్పులను సైతం వదలదు. చీలమండ బెణికితే నెల రోజుల శ్రమ వృథా అవుతుంది కాబట్టి ఆ రోజుల్లో హైస్కూలు మైదానాన్నే ఆశ్రయించండి.

పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటే వెంటనే సరిచేయించుకోండి.

సేవాకాలం నాలుగేళ్లే, ఆపైన కొనసాగించేది 25 శాతం వరకే. అందువల్ల తిరిగి వచ్చాక చేయవలసిన చదువు, పని గురించి చేరకముందే ఇంట్లో అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడుకోవాలి.