వానలు మొదలవకముందే ట్యాంక్ మూత చుట్టూ పెయింట్ చూసుకోండి

చాలా మోటార్‌సైకిళ్లకి ట్యాంక్ పెయింట్ ముందు పాడయ్యేది పెట్రోల్ మూత చుట్టూనే. బంకులో నాజిల్ అంచుకి కొట్టుకుంటుంది, తాళం గుత్తి ఊగినప్పుడల్లా గీరుతుంది, మూత దాకా నింపించుకుని ఎండలో పెడితే పెట్రోల్ వేడికి పొంగి బయటికి చిమ్ముతుంది. ఎండాకాలంలో అది వట్టి గీతే. వానాకాలంలో ఆ గీతలోంచి నీళ్లు దిగి తుప్పు పెయింట్ కింద పాకుతుంది, మనకి కనపడేసరికి చాలా దూరం పోయి ఉంటుంది. మన దగ్గర జూన్‌లో వానలు పట్టుకుంటాయి కాబట్టి ఈ పని మేలోనే, అదీ పొద్దున్నే నీడపట్టున చేసుకోండి. గాల్లో తేమ ఎక్కువైతే స్ప్రే పెయింట్ పాలిపోయినట్టు తెల్లగా మసకబారుతుంది, మండే ఎండలో కొడితే బుడగలొస్తాయి.

ముందు మూత చుట్టూ గోరుతో మెల్లగా గీసి చూడండి. గోరు తట్టుకుంటే అక్కడ పెయింట్ లేచినట్టే. ఉబ్బినచోట నొక్కితే చిటపటమని గోధుమరంగు పొడి రాలిందంటే లోపల తుప్పు ఉంది, దానిమీద టచప్ వేసి ప్రయోజనం లేదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది పెట్రోల్ ఆవిరితో. ట్యాంక్ ఖాళీ చేశాం కదా, ఇంక భయమేముంది అనుకుంటారు చాలామంది, నిజానికి నిండు ట్యాంక్ కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం, ఎందుకంటే లోపలంతా ఆవిరీ గాలీ కలిసి ఉంటాయి. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేలమీద పాకుతూ పోయి దూరంగా ఉన్న దీపాన్నో దోమల చక్రాన్నో అందుకోగలదు. అందుకని పార్కింగ్‌లో, సెల్లార్‌లో వద్దు, ఆరుబయటే చేయండి. డ్రిల్లుకి వైర్ బ్రష్ తగిలించి గీకడం, హీట్ గన్, వెల్డింగ్ అసలే వద్దు. పైపు పెట్టి నోటితో పెట్రోల్ లాగడం కూడా మానేయండి, ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోయినా ఆసుపత్రి పాలవుతారు. కార్బ్యురేటర్ లేని ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లకి పెట్రోల్ పైపులో ప్రెషర్ ఉంటుంది కాబట్టి ట్యాంక్ దించే పని మెకానిక్‌కి వదిలేయండి.

చిన్న గీతైతే ట్యాంక్ దించక్కర్లేదు, మూత వేసి ఉంచే పని కానివ్వొచ్చు. మూత రింగు విప్పాల్సొస్తే మాత్రం, బోల్టులు లోపల పడకుండా ముందు ట్యాంక్ నోట్లో శుభ్రమైన గుడ్డ బిగించండి. రింగు మీద కనిపించే బోల్టుల్లో కొన్ని అలంకారానికే ఉంటాయి, తిరగనిదాన్ని బలవంతంగా తిప్పకండి. తుప్పుని చేత్తోనే, నీళ్లు తడుపుతూ వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) తీయండి. ముందు 400 నంబరుది, అంచులు నునుపు చేయడానికి ఇంకా సన్నటి 800ది. పూర్తిగా ఆరాక రంగు కింద వేసే ఎపాక్సీ ప్రైమర్, ఆపైన రంగు. ఒకేసారి మందంగా కాకుండా పల్చటి పొరలుగా వేయండి.

అసలు కిటుకు పైపూత దగ్గరుంది. రంగు మీద వేసే ఈ పారదర్శక పూతని క్లియర్ అంటారు. దుకాణంలో దొరికే మామూలు స్ప్రే డబ్బా క్లియర్ చూడ్డానికి బాగానే మెరుస్తుంది, కానీ పెట్రోల్ చుక్క పడితే మెత్తబడి ముడుచుకుపోతుంది. ఇక్కడ పూతని గట్టిపరిచే హార్డనర్ కలిపే 2కె (రెండు భాగాల) క్లియరే కావాలి. అయితే ఆ హార్డనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, పీలిస్తే ఆస్తమా పట్టుకోవచ్చు, కర్చీఫ్, సర్జికల్ మాస్కు దాన్ని ఆపలేవు. నా మాట వింటే ఆ ఒక్క పొర డెంటింగ్ పెయింటింగ్ షాపులో కొట్టించుకోండి, డబ్బులు కాస్త ఎక్కువైనా సరే. తర్వాత వారం రోజులు దానిమీద పెట్రోల్ పడనివ్వకండి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. చాలా బళ్లకి మూత తెరిస్తే గట్టులో చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి వాన నీళ్లు రబ్బరు పైపు గుండా కిందికి పోతాయి. అది దుమ్ముతో పూడిపోతే నీళ్లు మూత చుట్టూ నిలిచి పెయింట్‌ని తింటాయి, సీలు పాతదైతే ట్యాంక్‌లోకీ దిగుతాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోల్ నీటిని లాక్కుంటుంది, ఎక్కువైతే ఇథనాలూ నీళ్లూ విడిపోయి అడుగుకి చేరి బండి మొరాయిస్తుంది. ట్యాంక్ నోరు గుడ్డతో మూసి, సిరంజితో ఆ రంధ్రంలోకి కాసిని నీళ్లు వదిలి కింద పడుతున్నాయో లేదో చూడండి. పడకపోతే పల్చటి నైలాన్ తీగతో మెల్లగా పొడవండి. పెయింట్ వేసేటప్పుడు ఈ రంధ్రాన్ని, మూతలో గాలి ఆడే సందుని టేపుతో కప్పి, పని అయ్యాక ఆ టేపు గుర్తుపెట్టుకుని తీసేయండి.

బంకులో మూత అంచుకి రెండు వేళ్ల కిందే ఆపమనండి, నాజిల్ తీసేటప్పుడు కింద గుడ్డ పట్టండి. చుక్క పడితే రుద్దకుండా అద్ది తీసి, తడిగుడ్డతో తుడవండి.