రెండు మన్నులు, రెండు సీసాలు: నాలుగో తరగతితో ఒక ప్రయోగం

సైన్సు నేర్పడానికి ల్యాబ్ లేదని బాధపడే టీచర్లకు నేను చెప్పేది ఒకటే: మన్ను తెప్పించండి. మాది అనంతపురం జిల్లా, బడి చుట్టూ శెనక్కాయ వేసే ఎర్రనేలలే. ఉరవకొండ వైపు పోతే నల్లరేగడి దొరుకుతుంది. చెరొక సంచి చాలు.

మొదట మన్ను పిల్లల చేతిలో పెట్టి, ఏం కనిపిస్తోందో చెప్పమనండి. ఒకరు "బాగుంది మేడం" అంటారు. "బాగుండడం కంటికి కనబడుతుందా?" అని అడిగితే రంగు, గరుకు, చిన్న రాళ్లు ఒక్కొక్కటే బయటికొస్తాయి. తడిపి చేత్తో దారంలా సాగదీయమనండి. నల్లమన్ను సాగుతుంది, ఇసుక ఎక్కువున్న ఎర్రమన్ను తెగిపోతుంది. ఎందుకో అప్పుడే చెప్పేయొద్దు.

ఇప్పుడు ప్రశ్న: నీళ్లు ఏ మన్నులోంచి తొందరగా దిగుతాయి? ఎవరి ఊహ వాళ్లు, "ఎందుకంటే" అని కారణంతో సహా రాయాలి. పెన్నుతోనే రాయించండి. పెన్సిలైతే నీళ్లు పోశాక అందరి చేతిలోనూ రబ్బరు ఉంటుంది!

గ్రూపుకు రెండేసి చొప్పున లీటరు సీసాలను మీరే సగానికి కోయండి. మూత తీసేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, పైసగాన్ని తలకిందులుగా కిందిసగంలో నిలబెట్టండి. మన్ను బాగా ఎండబెట్టి గడ్డలు చిదపడం మర్చిపోవద్దు. రేగడి గడ్డలు అలాగే ఉంటే నీళ్లు సందుల్లోంచి జారిపోయి ఫలితం తారుమారవుతుంది.

రెండింట్లో మన్ను సమానంగా నింపాక, నేను కావాలనే ఒకదాంట్లో గ్లాసు నీళ్లు, రెండోదాంట్లో అరగ్లాసు పోయబోతాను. "తొండి మేడం!" అని క్లాసంతా లేస్తుంది. ఇంకా ఎక్కడెక్కడ తొండి జరగొచ్చో వాళ్లనే చెప్పనివ్వండి. మన్ను కొలత, గుడ్డ మందం, పోసే వేగం అన్నీ వాళ్లే పట్టేస్తారు. మన్ను రకం తప్ప మిగతావన్నీ ఒకేలా ఉండాలని వేరే పాఠం చెప్పక్కర్లేదు.

మొదటి చుక్క ఎప్పుడు పడిందో గోడ గడియారం చూసి రాయాలి. తర్వాత రెండు నిమిషాలకోసారి కింద నీళ్లెంత చేరాయో సీసా మీద గీత గీయాలి. మామూలుగా ఎర్రమన్నే ముందు వదులుతుంది. ఏదైనా గ్రూపులో వేరేలా వస్తే దాన్ని సరిదిద్దకండి, ఆ సీసా చుట్టూనే అందరినీ కూర్చోబెట్టండి. ఎవరో వేలితో మన్ను నొక్కేసి ఉంటారు. మళ్లీ చేయించండి.

ఊహ తప్పినవాళ్లకు ఎర్రపెన్ను గీతలు, మార్కుల కోత వద్దు. అలా చేస్తే మరుసటిసారి పక్కవాడి నోట్సు చూసి ఊహిస్తారు.

ఇంటిపనిగా ఒక్క ప్రశ్న ఇస్తాను: వానలు వెనకబట్టాక కూడా పప్పుశనగను నల్లరేగట్లోనే ఎందుకు వేస్తారో మీ నాయననో జేజినో అడిగి రండి. సీసాలో కింద పడని నీళ్లు ఎక్కడున్నాయో అక్కడ తేలుతుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు "ఎర్రమన్నులో పెంట ఎరువు కలిపితే?" అంటారు. రెండో ప్రయోగం అదే. ఈసారి రెండు సీసాల్లోనూ ఎర్రమన్నే, ఒకదాంట్లో మాత్రమే ఎరువు.