డబ్బా మీది పెద్ద అంకె చూసి ఆంప్లిఫయర్ కొనకండి

కారులో కాంపొనెంట్ స్పీకర్లు (సన్నని శబ్దాలు పలికే ట్వీటర్, మిగతావి పలికే పెద్ద స్పీకర్ విడివిడిగా ఉండేవి) పెట్టించుకునేవాళ్లకు ఒక మాట. డబ్బా మీద 300 వాట్స్ అని పెద్దగా వేసేది పీక్ పవర్, అంటే క్షణకాలం మాత్రమే ఉండే పవర్. చూడాల్సింది చిన్న అక్షరాల్లో ఉండే ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా నడిచే పవర్. స్పీకర్ 60 వాట్స్ ఆర్‌ఎంఎస్, 4 ఓమ్స్ (కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు) అయితే, అదే 4 ఓమ్స్ దగ్గర ఒక్కో ఛానల్‌కి 60 నుంచి 75 వాట్స్ ఆర్‌ఎంఎస్ ఇచ్చే ఆంప్లిఫయర్ తీసుకోండి.

తక్కువ పవర్‌దైతే స్పీకర్‌కి సేఫ్ అని నేనూ అనుకున్నా. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్తూ, అద్దాలు దించి, చిన్న ఆంప్లిఫయర్ గెయిన్ చివరిదాకా తిప్పేశా. చంద్రగిరి దాటేసరికి ఎడమవైపు ట్వీటర్ మూగబోయింది. పవర్ చాలక సౌండ్ క్లిప్ అయితే, అంటే సౌండ్ తరంగాల కొసలు తెగిపోతే, ముందు మాడిపోయేది ట్వీటర్ కాయిలే.

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కి ఆంప్లిఫయర్‌ని సరిపెట్టే నాబ్. స్టీరియో వాల్యూమ్ ముప్పాతిక దగ్గర ఉంచి, గెయిన్‌ని అడుగు నుంచి మెల్లగా పెంచండి. పాడేవాళ్ల గొంతు గరగరమన్న చోట ఆగి, కాస్త వెనక్కి తిప్పండి.